రూపాయి 90 దాటింది: పెద్దోడికి లాభం, చిన్నదానికి నష్టం. మరి దేశానికి?

కూర్మన్నపాలెం నాన్న
4 డిసెంబర్ 2025, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. నిన్న డాలరు 90 రూపాయలు దాటింది. పొద్దున్న వాకింగ్‌లో కలిసినవాళ్ళంతా "మీవాడు డాలర్లు సంపాదిస్తున్నాడు, మీకేం మాస్టారూ" అన్నారు. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేసుకున్నాను. వేశాక మనసు బాగోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పెద్దబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ పూర్తిచేసి ఓపీటీ (చదువు అయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాడు. నెలకి వెయ్యి డాలర్లు పంపుతాడు. ఈ జనవరిలో ఆ వెయ్యికి దగ్గరదగ్గర 85,500 రూపాయలు వచ్చేవి. ఇప్పుడు 90,000 వస్తాయి. వచ్చే ఆగస్టులో మా అమ్మాయి కూడా వెళ్తానంటోంది. రెండేళ్ళకి ఫీజు, ఖర్చు కలిపి 50,000 డాలర్లు అనుకుంటున్నాం. జనవరి రేటుకి అది 42.75 లక్షలు, ఈరోజు రేటుకి 45 లక్షలు. అంటే అన్నయ్య పంపేదాంట్లో నెలకి పెరిగిన 4,500 నాలుగేళ్ళకి పైగా దాస్తే తప్ప చెల్లెలి మీద పడిన ఈ 2.25 లక్షలు తీరవు. ఒకే ఇల్లు. ముందు గుమ్మంలోంచి వచ్చింది పెరటి గుమ్మంలోంచి పోతోంది.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్‌లో ముప్పై రెండేళ్ళు చేశాను. మాకు ఉక్కు తయారీకి కావాల్సిన కోకింగ్ కోల్ బొగ్గు ఆస్ట్రేలియా లాంటి దేశాల నుంచి ఓడల మీద వస్తుంది, డాలర్లు కట్టి కొనాలి. రూపాయి పడిందంటే అదే బొగ్గుకి ఎక్కువ డబ్బు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రూపాయి పడిందన్న వార్త నాకు టెన్షనే. ఇప్పుడదే వార్తకి జనం నాకు అభినందనలు చెప్తున్నారు. చదువుకున్న పిల్లలు వెళ్ళిపోవడం, రూపాయి పడిపోవడం, ఈ రెండూ కలిసి దేశానికి ఏం చేస్తున్నాయో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎంవీపీ ఫారెక్స్
4 డిసెంబర్, ఉదయం 9:15

మాస్టారూ, నమస్తే. నేను బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో ఇరవై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. మీ ప్రశ్నకి రెండు వైపులా జవాబు ఉంది.

ముందు మేలు. 2023-24లో విదేశాల్లో ఉన్న మనవాళ్ళు దేశానికి పంపింది 118.7 బిలియన్ డాలర్లు. ఆ ఏడాది సరుకుల ఎగుమతుల కంటే దిగుమతులు దాదాపు 240 బిలియన్ డాలర్లు ఎక్కువ. అంటే ఆ లోటులో సగానికి దగ్గరగా మీ అబ్బాయిలాంటి వాళ్ళు పూడ్చారు. ఆ డబ్బే రాకపోతే రూపాయి ఎప్పుడో 90 దాటేది. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం అందులో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈ వాటా 19.2 శాతం. ఒకప్పుడు గల్ఫ్ పైన ఉండేది. చెమటోడ్చే పనికి బదులు చదువుతో చేసే పని పెరిగిందని ఆ అంకెలే చెబుతున్నాయి.

దేశం ఇబ్బందిలో పడినప్పుడల్లా ప్రభుత్వం వీళ్ళనే అడిగింది. 1998లో అణుపరీక్షల తర్వాత ఆంక్షలు వస్తే రిసర్జెంట్ ఇండియా బాండ్లతో 4.2 బిలియన్ డాలర్లు తెచ్చారు. 2000లో ఇండియా మిలీనియం డిపాజిట్లు, 5.5 బిలియన్లు. 2013 ఆగస్టులో డాలరు 68 దాటినప్పుడు ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్లకి (ప్రవాసులు విదేశీ కరెన్సీలోనే దాచుకునేవి) బ్యాంకులు ఆ డాలర్లని చవగ్గా మార్చుకునే ప్రత్యేక స్వాప్ సదుపాయం పెట్టి 26 బిలియన్లు రాబట్టారు. ఆ రోజుల్లో మా శాఖలో రాత్రి తొమ్మిది వరకు దీపాలు ఆరేవి కావు.

కీడు కూడా చూశాను. 1990-91లో పరిస్థితి బాగోలేదని తెలియగానే ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. బంగారం తాకట్టు పెట్టి, 1991 జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించాల్సి వచ్చింది. ఇంటికి పంపే డబ్బు కష్టకాలంలో ఆగదు, ఇంకా పెరుగుతుంది. డిపాజిట్ అలా కాదు, భయం వేస్తే వెళ్ళిపోతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు.

సెకండ్ ఇంజనీర్
4 డిసెంబర్, మధ్యాహ్నం 1:05

గాజువాక నుంచి. ప్రస్తుతం సెలవులో ఇంట్లో ఉన్నాను. మాది మర్చంట్ నేవీ, జీతం డాలర్లలోనే. లాభం ఉన్న మాట నిజమే. కానీ ఆరు నెలల కాంట్రాక్టు అయి దిగాక జీతం ఆగిపోతుంది, అప్పుడు తినేది పెరిగిన ధరల తిండే.

మా ఓడల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎక్కువ. అక్కడ కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది, మూల జీతంలో 80 శాతం ఇంటికి పంపాలని. 1974 నుంచి ఆ దేశం మనుషుల్ని బయటకి పంపడం ప్రభుత్వ విధానంగా పెట్టుకుంది. వాళ్ళ ఆర్థిక వ్యవస్థలో ఆ డబ్బు 8 శాతానికి పైనే, మనకి మూడు చిల్లర. మా ఫిలిపినో బోసన్‌కి (డెక్ పనివాళ్ళ మేస్త్రీకి) యాభై దాటాయి. వాళ్ళ నాన్న నావికుడు, కొడుకూ నావికుడే. డబ్బు వచ్చింది, ఇల్లు కట్టారు, ఆ ఇంట్లో ఉండే ఉద్యోగం మాత్రం ఊళ్ళో రాలేదు. నా కొడుక్కి అలా కాకూడదని నా కోరిక.

ఋషికొండకి తిరిగొచ్చా
4 డిసెంబర్, రాత్రి 10:30

కూర్మన్నపాలెం అంకుల్, మీ పోస్ట్ చదివాక నిద్ర పట్టలేదు, మా నాన్నగారు గుర్తొచ్చారు.

నేను 2008లో ఇంజనీరింగ్‌లో చేరాను. అప్పుడే ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, నా ఫీజు ప్రభుత్వం కట్టింది. అంటే ఇక్కడ అగ్గిపెట్టె కొన్న ప్రతి మనిషి కట్టిన పన్నుతో చదివాను. 2012లో అమెరికా వెళ్ళాను. 2023లో తిరిగొచ్చాను. అందులో ఏడేళ్ళు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద న్యూజెర్సీలో. ఇరవై రెండేళ్ళు నన్ను పెంచి చదివించిన ఖర్చు ఇక్కడిది, పని మొదలుపెట్టిన రోజు నుంచి ఆదాయపు పన్ను అక్కడిది. ఎవరూ దొంగిలించలేదు, నేనే వెళ్ళాను. అయినా ఆ లెక్క నన్ను వదలదు.

ఇంకోటి. ఆ ఏడేళ్ళూ జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కట్టాను. పింఛను హక్కు రావాలంటే 40 త్రైమాసికాలు, అంటే పదేళ్ళు కట్టాలి. చాలా దేశాలతో అమెరికాకి ఒప్పందం ఉంది, ఒక దేశంలో కట్టిన కాలం ఇంకో దేశంలో లెక్కలోకి వస్తుంది. మనతో లేదు. నాలాగా పదేళ్ళలోపు తిరిగొచ్చేవాళ్ళ డబ్బు అక్కడి ముసలివాళ్ళ పింఛన్లకి వెళ్ళిపోతుంది. ప్రవాసులు పంపే డాలర్ల గురించి అందరూ మాట్లాడతారు. మనం అక్కడ వదిలి వచ్చే డాలర్ల గురించి ఎవరూ మాట్లాడరు.

90తో గుణించడం గురించి కూడా చెప్పాలి. అక్కడ ఉన్నవాళ్ళకి వెయ్యి డాలర్లు వెయ్యి డాలర్లే. అద్దె, కారు ఇన్సూరెన్స్, పాప డేకేర్, అన్నీ డాలర్లలోనే పోతాయి. రూపాయి పడిందని అక్కడ ఒక్క లీటరు పాలు ఎక్కువ రావు. మిగిలింది పంపితేనే ఆ గుణకారానికి అర్థం. మీ అబ్బాయి వెయ్యి మిగిల్చి పంపుతున్నాడంటే ఎంత సర్దుకుంటున్నాడో నాకు తెలుసు, మీరు కూడా ఒకసారి అడగండి అంకుల్.

ఇప్పుడు ఋషికొండ ఆఫీసులో చేస్తున్నది న్యూజెర్సీలో చేసిన పనే. క్లయింటు అమెరికాలోనే. అప్పుడు నా సంపాదనలో వందకి ఇరవై ఇక్కడికి వచ్చేదేమో. ఇప్పుడు నా జీతం మొత్తం ఇక్కడే ఖర్చవుతుంది. వంట చేసే అక్కకి, పాప స్కూలుకి, ఆటోకి, జీఎస్టీకి, ఆదాయపు పన్నుకి. డాలరు రెండు దారుల్లోనూ దేశంలోకే వస్తుంది. కానీ ఇలా వచ్చినప్పుడు పదిమంది చేతులు మారుతుంది. నాకు ఆ పదిమందీ కనిపిస్తున్నారు.

ఏయూ ఎకనామిక్స్
5 డిసెంబర్, ఉదయం 11:20

మేడమ్ చెప్పిన చివరి మాట మీద అర్థశాస్త్రంలో మంచి పరిశోధనే ఉంది. గౌరవ్ ఖన్నా, నికొలస్ మొరాలెస్ అనే ఇద్దరు హెచ్-1బీ వల్ల రెండు దేశాల్లోనూ ఏం జరిగిందో లెక్క కట్టారు. అమెరికా ఆశ చూసి ఇక్కడ లక్షల మంది పిల్లలు కంప్యూటర్ సైన్స్ చదివారు. వీసాలు ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకి ఇంకో 20,000. చదివిన అందరికీ అవి రావు. రానివాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు కలిసి మన ఐటీ పరిశ్రమని పెంచారు. చివరికి ఐటీ ఎగుమతుల్లో మనం అమెరికానే దాటాం. అంటే మేధో వలస అన్నది ఒక్క దారి రోడ్డు కాదు. వెళ్తామన్న ఆశ కూడా చదువుకి పెట్టుబడి అయింది. అమలాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా ఇంజనీరింగ్ కాలేజీలు ఎందుకు వచ్చాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తీసుకునే దేశం వైపు చూస్తే ఫలితాలు అందరికీ ఒకేలా లేవు. జొవాన్ని పెరి బృందం అమెరికా నగరాల మీద చేసిన పనిలో, సైన్స్, ఇంజనీరింగ్ వలసదారులు ఎక్కువగా వచ్చిన చోట స్థానిక పట్టభద్రుల జీతాలు కూడా పెరిగాయి. సోవియట్ యూనియన్ కూలాక అక్కడి గణిత శాస్త్రవేత్తలు అమెరికా వచ్చినప్పుడు, అవే విభాగాల్లో ఉన్న అమెరికన్ గణితజ్ఞుల ప్రచురణలు తగ్గాయని బోర్హాస్, డొరాన్ చూపించారు. విశ్వవిద్యాలయాల్లో పోస్టులు లెక్కగా ఉంటాయి, ఒకరు వస్తే ఒకరు జరగాలి. పరిశ్రమ అలా కాదు, కొత్త మనిషి కొత్త పని పుట్టించగలడు.

రూపాయి గురించి. ఒక్క యెన్ ఇప్పుడు మన అరవై పైసలు కూడా చేయదు, అంతమాత్రాన జపాన్ మనకంటే పేద దేశం కాదు. అంకె ముఖ్యం కాదు, అది ఎంత వేగంగా, ఎందుకు కదిలిందన్నదే ముఖ్యం. 2011 మధ్యలో డాలరు 45 దగ్గర ఉంది. పద్నాలుగేళ్ళలో రెట్టింపైంది, సగటున ఏడాదికి 5 శాతం. అందులో పెద్ద భాగం మన ధరలు వాళ్ళ ధరలకంటే వేగంగా పెరగడం వల్ల వచ్చింది. ఈ ఏడాది అలా కాదు. అక్టోబర్‌లో మన ద్రవ్యోల్బణం 0.25 శాతమే. అయినా రూపాయి పడింది. విదేశీ మదుపరులు షేర్లు అమ్ముకుని వెళ్ళడం, అమెరికా సుంకాలు, ఇవి కారణాలు. ఇలాంటి పతనం ధరల తేడాని సర్దదు, ఉన్న కష్టాన్ని చూపిస్తుంది.

భీమిలి హేచరీ
5 డిసెంబర్, సాయంత్రం 4:50

రూపాయి పడితే ఎగుమతిదారులకి పండగ అని పేపర్లో రాస్తారు. మా సంగతి వినండి. వనామీ తల్లి రొయ్యలు మాకు విదేశాల నుంచి విమానంలో రావాలి. చెన్నైలో క్వారంటైన్ అయ్యాక భీమిలి తీరంలో హేచరీలకి చేరతాయి. డబ్బు డాలర్లలోనే కట్టాలి. రొయ్య పిల్లకి మేతగా పెట్టే ఆర్టీమియా కూడా దిగుమతే. అంటే రైతు చెరువులో పిల్ల పడకముందే రూపాయి పతనం మా బిల్లులో కూర్చుంటుంది. రొయ్య అమ్మినప్పుడు వచ్చే లాభం ప్యాకింగ్ ప్లాంటు దాటి రైతు దాకా ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రూపాయి ఏడాదిలో 5 శాతం పడితే 50 శాతం సుంకం ముందు అది ఏ మూలకి?

ఆరిలోవ నర్స్
5 డిసెంబర్, రాత్రి 11:45

డ్యూటీ దిగి రాస్తున్నాను. మీరంతా ఐటీ గురించి మాట్లాడుతున్నారు, మాది కూడా నైపుణ్యమే. బీఎస్సీ నర్సింగ్, ఆరేళ్ళు ఐసీయూ అనుభవం. జీతం 24,000. ప్రస్తుతం జర్మన్ నేర్చుకుంటున్నాను, బీ1 స్థాయి అయింది, దాని పైది బీ2 రాయాలి. మన నిపుణులకి జర్మనీ ఇచ్చే వీసాలు ఏడాదికి 20,000 నుంచి 90,000కి పెంచుతామని పోయిన ఏడాది అక్టోబర్‌లో ఆ దేశ ఛాన్సలర్ ఢిల్లీలో చెప్పారు. యూరో వంద రూపాయలు దాటింది.

నిజం చెప్తున్నాను. అమ్మని వదిలి వెళ్ళాలని లేదు. కానీ యూరో పెరిగిన ప్రతిసారీ అక్కడి జీతానికీ నా జీతానికీ మధ్య దూరం పెరుగుతోంది. నా పని మారలేదు, నా చెయ్యి మారలేదు. మా ఐసీయూలో ఏడాదిలో నలుగురు వెళ్ళిపోయారు. కొత్త పిల్లలు వచ్చారు, వెంటిలేటర్ చూసుకోవడం నేర్పడానికి మిగిలిన సీనియర్లం ఇద్దరం. నేను కూడా వెళ్తే ఒకరు. రూపాయి పడితే దేశానికి ఏమవుతుందని అడిగారు కదా సార్, మా వార్డులో ఇది అవుతోంది.

ఏయూ ఎకనామిక్స్
6 డిసెంబర్, ఉదయం 8:10

అక్కా, మీరు రాసింది నా థీసిస్‌లో ఉండాల్సిన వాక్యం. మారకం రేటు వలస తర్వాత వచ్చేదన్నట్టు మేం రాస్తాం, డబ్బు పంపినప్పుడు ఎంత వచ్చిందని. అది వలసకి ముందే పనిచేస్తుంది. రూపాయి పడిన కొద్దీ బయటి జీతం ఇక్కడి కళ్ళకి పెద్దదవుతుంది, ఇంకొంతమంది బయలుదేరతారు. ముందుగా వెళ్ళేది అనుభవం ఉన్నవాళ్ళే. వాళ్ళు పంపే డబ్బు అంకెల్లో కనిపిస్తుంది. వాళ్ళు నేర్పకుండా పోయింది ఏ అంకెలోనూ రాదు.

కూర్మన్నపాలెం నాన్న
6 డిసెంబర్, ఉదయం 9:30

అందరికీ చాలా థ్యాంక్స్. నర్స్ అమ్మా, నిన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా ఇద్దరు పిల్లల్నీ పంపుతూ నేనెలా అంటాను? మీ అమ్మగారి ఆరోగ్యం జాగ్రత్త.

ఫారెక్స్ గారూ, కొన్ని సందేహాలు. హెచ్-1బీకి అమెరికా లక్ష డాలర్ల ఫీజు పెట్టిందంటున్నారు, ఈ రేటుకి అది 90 లక్షలు. మా వాడికి ఆ భారం పడుతుందా? డబ్బు పంపితే పన్ను అని కూడా విన్నాను. ఇంకోటి, నిన్న రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 5.25కి తగ్గించింది. రూపాయి పడుతుంటే వడ్డీ తగ్గించడం ఏమిటి?

ఎంవీపీ ఫారెక్స్
6 డిసెంబర్, ఉదయం 11:00

లక్ష డాలర్ల ఫీజు సెప్టెంబర్ 21 నుంచి వేసే కొత్త దరఖాస్తులకి. అమెరికాలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్ళకి వర్తించదని అక్టోబర్ 20న వాళ్ళ ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. మీవాడు అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ టెన్షన్ వద్దు, లాటరీ తగలాలి అంతే. పంపే డబ్బు మీద 1 శాతం పన్ను జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్ లాంటి వాటితో పంపేవాళ్ళకే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

వడ్డీ సంగతి. ధరలు అదుపులో ఉన్నాయి కాబట్టి లోపలి వ్యాపారం కోసం తగ్గించారు. రూపాయిని ఒక గీత దగ్గర కాపలా కాయడం వాళ్ళ పని కాదు, మరీ దూకకుండా చూడడం వరకే. నేను ఒప్పుకుంటాను. 1966లో 4.76 నుంచి ఒక్క రోజులో 7.50 చేశారు, అలాంటి కుదుపు కంటే రోజూ కొంచెం కదలడమే మంచిది. కానీ వంటనూనె, ముడిచమురు కొనే దేశానికి అది ఉచితం కాదు. ముడిచమురులో 85 శాతానికి పైగా, వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే కదా. మన పోర్టులో దిగే ఓడలు చూస్తే చాలు.

మీ ఇంటి విషయంలో నాదొక సలహా. మీరు డాలర్లని రూపాయలు చేసి, ఆ రూపాయల్ని మళ్ళీ డాలర్లు చేసి కాలేజీకి కడతామనుకుంటున్నారు. రెండుసార్లూ బ్యాంకు తేడా పోతుంది. లోను లేకుండా సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు, తర్వాత రిటర్న్‌లో వస్తుందనుకోండి. అన్నయ్యే అక్కడి నుంచి చెల్లెలి ఫీజు నేరుగా విశ్వవిద్యాలయానికి కట్టొచ్చు. అలా కట్టిన ట్యూషన్ ఫీజు మీద అక్కడ బహుమతి పన్ను కూడా ఉండదు. రూపాయి 90 అయినా 95 అయినా ఆ మేరకి మీకు సంబంధం ఉండదు. మిగతాదానికే ఇక్కడ లోను తీసుకోండి.

ఋషికొండకి తిరిగొచ్చా
6 డిసెంబర్, మధ్యాహ్నం 12:15

సలహా బాగుంది, ఒక్క మాట. అన్నయ్యకి లాటరీ తగిలే వరకు ఓపీటీ మహా అయితే మూడేళ్ళే. చెల్లెలి చదువు భారమంతా అతని మీద వేయకండి. ఈలోగా ఉద్యోగం పోతే కొద్ది నెలల్లోనే ఇంకోటి దొరకాలి.

అంకుల్, అమ్మాయి ఏం చదివింది? మన ఊరు నేను వెళ్ళినప్పటిలా లేదు. టీసీఎస్ కంపెనీకి ఋషికొండలో 99 పైసల నామమాత్రపు ధరకి 21 ఎకరాలు ఇచ్చారు, గూగుల్ ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని అక్టోబర్‌లో ప్రకటించింది. డేటా సెంటర్లలో ఉద్యోగాలు పెట్టుబడికి తగ్గన్ని ఉండవు, కాబట్టి నేను ఊరించడం లేదు. కానీ ఒక ఏడాది ఇక్కడ పనిచేసి వెళ్తే, ఏ చదువు కోసం 50,000 డాలర్లు పెడుతుందో తనకే తెలుస్తుంది. నాకు ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు.

సెకండ్ ఇంజనీర్
6 డిసెంబర్, మధ్యాహ్నం 2:40

ఏడాది ఆగితే డాలరు 95 అయితే?

ఋషికొండకి తిరిగొచ్చా
6 డిసెంబర్, మధ్యాహ్నం 3:05

అయితే 2.5 లక్షలు ఎక్కువవుతుంది అన్నా. ఆ ఏడాది ఇక్కడ జీతం అంతకంటే ఎక్కువే వస్తుంది. రేటు చూసి భయపడి తొందరగా వెళ్ళినవాళ్ళని, కోర్సు నచ్చక మధ్యలో ఆగినవాళ్ళని చూశాను. ఆ నష్టం 2.5 లక్షలతో ఆగదు.

కూర్మన్నపాలెం నాన్న
7 డిసెంబర్, రాత్రి 9:20

నిన్న రాత్రి ముగ్గురం ఫోన్‌లో గంటన్నర మాట్లాడుకున్నాం. మీరు చెప్పినట్టే వాణ్ణి అడిగానమ్మా, ఎలా మిగులుస్తున్నావురా అని. ఇద్దరు కుర్రాళ్ళతో ఒకే గదిలో ఉంటున్నాడట. ఇన్నాళ్ళూ చెప్పలేదు. జనవరి నుంచి వెయ్యి పంపొద్దన్నాను, వాడి లోను వాయిదాకి సరిపడా 600 పంపితే చాలు, మిగతాది అక్కడే దాచుకోమన్నాను. చెల్లి వెళ్ళే రోజు వస్తే అందులోంచి కడతానని వాడే అన్నాడు.

అమ్మాయి ఈ చర్చ మొత్తం చదివింది. ఈసీఈ చేస్తోంది, ఫైనలియర్. హేచరీ గారి పోస్ట్, నర్స్ అమ్మ పోస్ట్ రెండుసార్లు చదివిందట. వచ్చే ఆగస్టుకి దరఖాస్తులు ఆపేసింది. ఒక ఏడాది ఇక్కడ చేసి చూస్తానంటోంది. వాళ్ళమ్మకి ఇంకా ఇష్టం లేదు.

ఋషికొండ అమ్మా, వీలైతే వచ్చే ఆదివారం మా అమ్మాయిని మీ దగ్గరికి తీసుకొస్తాను. బీచ్ రోడ్డులో ఎక్కడ అంటే అక్కడికి. బస్సులో వస్తాం, పది గంటలకైతే మీకు కుదురుతుందా?

ఋషికొండకి తిరిగొచ్చా
7 డిసెంబర్, రాత్రి 9:45

పదికి కుదురుతుంది అంకుల్. ఇంటికే రండి, టిఫిన్ చేద్దాం. అడ్రసు మెసేజ్‌లో పెడుతున్నాను. తన ప్రాజెక్ట్ రిపోర్ట్ కూడా తెమ్మనండి.